మొగిలి ఘాట్ దాటించిన టాక్సీ, గాదంకి దగ్గర ఏడిపించిన టాక్సీ

పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే తమిళ నెల) దగ్గరపడితే చిత్తూరు జిల్లాలోని మా పలమనేరులో తిరుమలకు నడిచి పోయేవాళ్ళు ముందుగా అడిగే మాట, "మొగిలి ఘాట్ ఎట్ల దాటినారు?" అని. పలమనేరు నుంచి చిత్తూరు పోయే రోడ్డులో మలుపుల కొండదారి అది. మేము టాక్సీలో దాటాం. మొత్తం నడకలో రెండుసార్లు టాక్సీ ఎక్కాం. ఒకతను మా మొక్కును తన మొక్కులా చూసుకున్నాడు. ఇంకొకతని వల్ల మా అమ్మ నడిరోడ్డు మీద కన్నీళ్ళు పెట్టుకుంది. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని నడిచేవాళ్ళకు పనికొస్తుందని రెండూ రాస్తున్నాను.

మొక్కు మా అమ్మది. మూడేళ్ళ కింద మా పిల్లోడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, వాడు బాగైతే మా ఇంటి గడప నుంచి కొండ దాకా చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మొక్కింది. ఆమెకిప్పుడు 63 ఏళ్ళు. అమ్మ, చిన్నమ్మ, నేను, పదో తరగతి చదివే మా పిల్లోడు, నలుగురం బయలుదేరాం. పలమనేరు నుంచి చిత్తూరు సుమారు 40 కిలోమీటర్లు, అక్కడి నుంచి తిరుపతి ఇంకో 70. రోజులు లెక్క వేసుకుని, తిరుమల శనివారానికి, అంటే పెరటాసిలో వచ్చే శనివారానికి, కొండ మీద ఉండేటట్టు బుధవారం తెల్లవారుజామున గడప దాటాం.

టాక్సీ మాట ఎత్తగానే అమ్మ ఒప్పుకోలేదు. "నేను అడుగులకు మొక్కినా, చక్రాలకు కాదు" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ మొగిలి ఘాట్ సంగతి ఈ రోడ్డు మీద తిరిగేవాళ్ళందరికీ తెలుసు. పలమనేరు వైపు నుంచి వచ్చేటప్పుడు అంతా దిగుడే. బెంగళూరు నుంచి లోడుతో వచ్చే లారీలు మలుపుల్లో బ్రేకు మీద బ్రేకు వేసుకుంటూ దిగుతాయి. నడిచేవాళ్ళు రోడ్డు అంచుకు నక్కి పోవాల్సిందే. 2024 సెప్టెంబరులో ఇదే ఘాట్‌లో బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇది చాలదన్నట్టు పలమనేరు పక్కనే కౌండిన్య అడవి, చీకటి పడితే ఏనుగుల భయం. పిల్లోడి ప్రాణం కోసం మొక్కిన మొక్కు తీర్చడానికి ఆ పిల్లోణ్ణే ఆ మలుపుల్లో నడిపించడం నాకు సమ్మతం కాలేదు. అదే మాట అమ్మతో అన్నాను. చాలాసేపు పలకలేదు. చివరికి "ఘాట్ ఒక్కటే. ఒక్క అడుగు ఎక్కువ కూడా వద్దు" అంది.

మా వీధిలో వాళ్ళు పెళ్ళిళ్ళకు పిలిచే టాక్సీ అబ్బాయికి ముందురోజు సాయంత్రం ఫోన్ చేశాను. అతను బాడుగ సంగతి చెప్పకముందే అడిగిన ప్రశ్నలతోనే నాకు నమ్మకం కుదిరింది. "ఎంతమంది అక్కా? పెద్దోళ్ళు ఉండారా? చెప్పుల్లేకుండా నడస్తారా?" అన్నాడు. ఘాట్ మొదలయ్యే మలుపు దగ్గర ఎక్కుతామంటే వద్దన్నాడు. "ఆడ బండి నిలపను అక్కా. ఎనక నుంచి లారీ వస్తే మీకూ నాకూ ప్రమాదమే. దానికి ముందర హోటల్ కాడ ఖాళీ జాగా ఉండాది, ఆడికి వచ్చి ఫోన్ చెయ్యండి" అన్నాడు. వెయిటింగుతో కలిపి 900 రూపాయలు అడిగాడు. ఖాళీగా వచ్చి ఖాళీగా తిరిగి పోవాలి కదా అని నేను బేరం ఆడలేదు.

చెప్పిన టైముకు పావుగంట ఆలస్యంగా వచ్చాడు, కానీ ముందే ఫోన్ చేసి చెప్పాడు. బండి పాతది. ఏసీ లేదు, వెనక ఎడమవైపు అద్దం కిందికి దిగదు. ఆ గాలి ఆడని సీట్లో చిన్నమ్మకు కాస్త ఇబ్బంది అయింది. ఈ రెండూ తప్ప అతని మీద నాకు వేరే ఫిర్యాదు లేదు.

డోరు తీశాక అమ్మ తన కాళ్ళ వైపు చూసుకుని ఆగింది. మోకాళ్ళ దాకా ఎర్రమన్ను. సీటు మురికి అవుతుందని సంకోచం. "అట్లే ఎక్కు అవ్వా, కొండకు పోయే కాళ్ళు" అన్నాడు ఆ అబ్బాయి. అప్పుడు అమ్మ మేమెవ్వరం అనుకోని పని చేసింది. వంగి, తను నిలబడిన చోట చిటికెడు మట్టి తీసి, కొంగు చివర ముడి వేసుకుంది. "ఎక్కిన తావు మట్టి దిగిన తావున కలిస్తే నడక తెగదు" అంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పిన ఆచారం కాదు, అప్పటికప్పుడు తట్టిన ఆలోచన.

ఘాట్‌లో అతను ఒక లారీ వెనక దూరంగా, రెండో గేరులో, ఒక్కసారి కూడా ఓవర్‌టేక్ చేయకుండా దిగాడు. కిటికీలోంచి బ్రేకు కాలిన వాసన గుప్పుమంటా ఉంటే మా పిల్లోడు ఏంది అది అని అడిగాడు. లారీ చక్రాల దగ్గర లేచే పొగ చూపించి, "లోడు బండి అట్లే బ్రేకు తొక్కి తొక్కి దిగితే డ్రమ్ములు వేడెక్కి పట్టు పోతాది. అందుకే దానికి ముందర పోగూడదు, మరీ ఎనక అంటుకోనూ గూడదు" అని చెప్పాడు. కొంగు ముడిని గట్టిగా పట్టుకుని కూర్చున్న అమ్మ ఆ పొగ చూసిన తర్వాత, టాక్సీ ఎక్కినందుకు పడుతున్న బాధ కొంచెం తగ్గినట్టు నాకు అనిపించింది.

ఘాట్ అయిపోయిన తర్వాత మొగిలి దగ్గర, రోడ్డు పక్కన బాగా జాగా ఉన్న చోట ఆపాడు. "ఇంక దిగుడు లేదు అవ్వా, ఈడి నుంచి నడవచ్చు" అన్నాడు. అమ్మ ముడి విప్పి, ఆ మట్టిని నేల మీద వదిలి, దాని మీద కుడికాలు పెట్టింది. అంతసేపూ అతను ఇంజను ఆపేసి నిలబడ్డాడు. డబ్బులు తీసుకుని, మా నాలుగు బ్యాగుల్లో రెండు బరువువి బంగారుపాళెంలో తనకు తెలిసిన అంగట్లో పెట్టి పోతానని తీసుకుపోయాడు. రాత్రికి మేము చేరేసరికి బ్యాగులు అక్కడే ఉన్నాయి. దానికి వేరే డబ్బు అడగలేదు.

రెండో రాత్రి కాణిపాకం. దర్శనం చేసుకుని బాహుదా ఒడ్డున కూర్చున్నాం. పూర్వం శిక్షగా చేతులు నరికించుకున్న లిఖితుడనే ఆయనకు ఆ ఏటి నీళ్ళల్లోనే అవి మళ్ళీ వచ్చాయంటారు. అమ్మ తన పాదాలు చూసుకుని, "చేతులే తిరిగిచ్చిన తల్లి, నా కాళ్ళ నొప్పి తీసేయదా" అంది. తెచ్చుకున్న చిత్రాన్నం తిని పడుకున్నాం.

ఇబ్బంది మూడో రోజు వచ్చింది. పూతలపట్టు దాటాక నాయుడుపేట హైవే. మలుపుల్లేని పెద్ద రోడ్డు, అందరూ ఇక్కడ సులభంగా నడవచ్చంటారు. మధ్యాహ్నం మాత్రం అది పెనం లాంటిది. నీడ ఇచ్చే చెట్టు దూరదూరంగా ఎక్కడో ఒకటి. చిన్నమ్మ అరికాలు బొబ్బ పగిలింది. అమ్మే "కొంచెం దూరం బండెక్కుదాం" అంది, మళ్ళీ మట్టి ముడి వేసుకుంది. పలమనేరు అబ్బాయి అంత దూరం రావడానికి టైము పడుతుందని ఫోన్లో ఇంకో టాక్సీని పిలిచాం. అతని పేరు, సంస్థ పేరు రాయను. గాదంకి టోల్‌గేటుకు ముందే దించాలని, అక్కడి నుంచి నడుస్తామని, మొక్కు అని, రెండుసార్లు చెప్పాను. సరేనన్నాడు. ఇరవై నిమిషాల్లో వస్తానన్నవాడు గంటకు పైగా నిలబెట్టాడు.

ఎక్కాక ఫోన్ మాట్లాడుతూనే నడిపాడు. టోల్‌గేటు కనపడగానే ఆపమన్నాను. "ఇక్కడ నిలపకూడదు మేడం" అన్నాడు. గేటుకు ముందే జాగా ఉన్న చోట ఆపవచ్చు, నేను చూపించాను కూడా. వినకుండా టోల్ దాటించి, చాలా దూరం పోయాక ఒక ఫ్లైఓవర్ పక్కన దించాడు. పైగా టోల్ డబ్బులు, వెయిటింగు అని మాట్లాడినదానికి మించి 300 అడిగాడు. ఒక గంట వెయిటింగు చేసింది మేము. ఎండలో పిల్లోడి ముందు గొడవ ఎందుకని ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధగా ఉంది.

డబ్బుకంటే బాధ పెట్టింది వేరే. అమ్మ రోడ్డు పక్కన ఇనుప కడ్డీ మీద కూర్చుని కొంగు ముడి చేతిలో పట్టుకుని, "ఈ మట్టి ఈడ ఎట్ల వదిలేది?" అని అడిగింది. ఆమె అనుకున్న చోటు అది కాదు. తను నడవాల్సిన అడుగులు ఎవరో లాగేసుకున్నట్టు ఏడ్చింది. మా పిల్లోడు ఏమీ మాట్లాడకుండా అండర్‌పాస్ కింద నుంచి అవతలి వైపుకు పోయి ఆటో మాట్లాడుకొచ్చాడు. 200 ఇచ్చి వెనక్కి, టోల్‌గేటు దగ్గరికి పోయాం. అక్కడ ముడి విప్పి, అదే రోడ్డు మీద అదే దూరం పొద్దు వాలేదాకా నడిచాం. చిన్నమ్మ కాలికి తుండుగుడ్డ చుట్టుకుని నడిచింది.

నడిచేవాళ్ళను ఎక్కించుకునే డ్రైవరన్నలకు ఒక్క మాట. మాకు దగ్గరి దారి అక్కర్లేదు, ఎక్కువ దూరం దించితే మేలు చేసినట్టూ కాదు. చెప్పిన చోట దించండి, అంతే. ఎక్కేవాళ్ళు కూడా దిగే చోటు ఊరి పేరు, గుర్తుతో సహా ముందే మాట్లాడుకోండి. టోల్ ఎవరు కట్టాలో, వెయిటింగు ఎంతో ఫోన్లోనే తేల్చుకోండి. ఘాట్ మలుపులో ఆపుతానని ఎవరైనా అంటే ఆ బండి ఎక్కవద్దు.

తర్వాత చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం, శ్రీవారి మెట్టు. ఏ బండీ ఎక్కలేదు. మెట్ల దగ్గర బ్యాగులు ఇస్తే దేవస్థానం వాళ్ళు ఉచితంగా కొండకు చేరుస్తారు, కాబట్టి అక్కడ బరువుకోసం టాక్సీ అవసరం లేదు. ఆధార్ కార్డులు మాత్రం చేతిలో పెట్టుకోండి. 2,388 మెట్లు, అమ్మ ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కింది.

వచ్చే పెరటాసికి చిన్నమ్మ మొక్కు. రెండు చోట్లకూ పలమనేరు అబ్బాయినే రమ్మని అడిగాను. పూతలపట్టు దాకా వచ్చి గాదంకి ముందర దించి, ఖాళీగా తిరిగి పోవాలి కాబట్టి రానుపోను 3,000 అవుతుందన్నాడు. ఒప్పుకున్నాను. ఆ ఎడమవైపు అద్దం బాగుచేయించమని చెప్పాను, అప్పటికి చేయిస్తానన్నాడు.