పోటు లెక్క చూడని ప్యాకేజీ: అండమాన్‌లో ఐదు రోజులు, ఒక ఉదయం గాలం వేట

పుష్య పౌర్ణమి చుట్టూ వచ్చిన సెలవుల్లో శ్రీకాకుళం నుంచి మేము ఐదుగురం, అంటే నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, కళింగపట్నం దగ్గర నలభై ఏళ్లు సముద్రం మీద వేట చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మా మేనమామ, అండమాన్ వెళ్లి వచ్చాము. విశాఖ నుంచి ఓడ ఉన్నా అది నెలకు ఏ ఒకటి రెండు సార్లో బయలుదేరుతుంది, పైగా రెండు రోజులు దాటిన ప్రయాణం. అందుకని చెన్నై మీదుగా విమానంలో వెళ్లాము. అక్కడి బస, పడవలు, నీటి ఆటలు, ఒక పూట చేపల వేట అన్నీ కలిపి పోర్ట్‌బ్లెయిర్‌లోని (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) ఒక యాత్రా సంస్థకు అప్పగించాము. ఆ సంస్థ పేరు రాయడం లేదు. దాని లోపం చాలా ప్యాకేజీల్లో ఉండేదే కనుక పేరు కంటే ఆ లోపమేమిటో తెలియడమే కొత్తగా వెళ్లేవారికి అవసరం.

బసకు గాని, భోజనానికి గాని వంక పెట్టవలసింది పెద్దగా లేదు. గదులు శుభ్రంగా ఉన్నాయి, కారు ప్రతిచోటా వేళకే వచ్చింది, సెల్యులార్ జైలు చూపించిన మనిషి తెలిసి మాట్లాడాడు. లోపమంతా కాలపట్టికలో ఉంది. దాన్ని తయారు చేసినవారు గడియారం చూశారు గాని పోటూ పాటూ, అంటే సముద్రపు నీరు ఎక్కే దిగే వేళలు, చూడలేదు.

ఈ సంగతిని మామయ్య ఇంట్లోనే పట్టుకున్నాడు. బయలుదేరే ముందు రాత్రి కాగితం చదివి వినిపించమని, గోడకున్న క్యాలెండరులో తిథి చూసి, "పున్నమినాడు పొద్దున్న పదింటికి రాళ్ల మీద నడిపిస్తారేట్రా? అప్పుడు నీరు నిండుంటాది" అన్నాడు. మర్నాడు సంస్థవారికి ఫోన్ చేసి అడిగితే అందరూ అలాగే వెళ్తారని సమాధానం వచ్చింది. మేమూ ఊరుకున్నాము.

పౌర్ణమికి, అమావాస్యకు అండమాన్ తీరంలో ఉదయం తొమ్మిదిన్నర, పది ప్రాంతంలో నిండు పోటు ఉంటుంది. మధ్యాహ్నం నాలుగుకు అటూ ఇటూగా పాటు అడుగుకు చేరుతుంది. ఆ తర్వాత ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమి వచ్చేసరికి దాదాపు తారుమారవుతాయి. పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా కూడా అప్పటికి బాగా తగ్గిపోతుంది. మన కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఇసుక ఏటవాలుగా దిగిపోతుంది కనుక స్నానానికి వెళ్లినవాడు ఈ లెక్కను పట్టించుకోకపోయినా నష్టం లేదు. ఆ ద్వీపాల చుట్టూ అలా కాదు. తీరం నుంచి చాలా దూరం వరకు పగడపు రాతి పలక చదునుగా పరచుకుని ఉండడం వల్ల నీరు ఒకటి రెండు మీటర్లు దిగితే చాలు, ఈత కొట్టే చోటు కాస్తా మోకాలి లోతు మడుగవుతుంది.

మాకు సరిగ్గా అదే ఎదురైంది. నాలుగో రోజు, పౌర్ణమినాడు, షహీద్ ద్వీప్‌లో ఉన్నాము. 2018 డిసెంబరుకు ముందు నీల్ అని పిలిచిన ద్వీపం అదే. ఉదయం పదిన్నరకు లక్ష్మణ్‌పూర్ దగ్గరి సహజ శిలాతోరణం చూపించడానికి తీసుకెళ్లారు. దాని దగ్గరకు పాటు వేళ బయటపడే రాతి పలక మీదుగానే నడవాలి. మేము వెళ్లేసరికి ఆ పలక మీద అలలు విరుగుతుండగా దూరం నుంచి చూసి తిరిగి వచ్చాము. మధ్యాహ్నం మూడున్నరకు భరత్‌పూర్ తీరంలో పిల్లలకు కయాక్ (తెడ్డు వేసే చిన్న పడవ), మాకు స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి మీద తేలి కిందికి చూడడం) అన్నారు. అక్కడ నీరు దిగిపోయి ఉంది. పడవ అడుగు పగడానికి తగులుతుందని నడిపేవాళ్లే నిరాకరించారు, అది న్యాయమే. ఈ రెండు కార్యక్రమాలనూ ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి ఉంటే రెండూ దక్కేవి. పైసా అదనపు ఖర్చు లేదు, కాగితం మీద రెండు వరుసలు మార్చితే చాలు.

ఇంకొకటి దీనికంటే ప్రమాదకరమైనది. గాలి సిలిండరు కట్టుకుని లోతుకు మునిగే స్కూబా డైవింగ్‌ను చివరి రోజు ఉదయం నార్త్ బేలో పెట్టి, అదే రోజు మధ్యాహ్నం విమానం ఎక్కించబోయారు. లోతులో ఒత్తిడికి రక్తంలో కరిగిన నైట్రోజన్ పూర్తిగా పోకముందే ఎత్తుకు వెళ్తే అది బుడగలు కట్టి కీళ్లకూ నరాలకూ హాని చేస్తుంది. ఒక్కసారి మునిగినా కనీసం 12 గంటలు, పలుసార్లు మునిగితే 18 గంటలు విమానానికి దూరంగా ఉండాలన్నది డైవర్లందరికీ తెలిసిన నియమం. గట్టిగా అడిగిన తర్వాత దాన్ని రెండో రోజుకు మార్చారు. అడగనివారి సంగతేమిటో నాకు తెలియదు.

స్వరాజ్ ద్వీప్‌లో (మునుపటి హేవ్‌లాక్) గడిపిన రెండు రోజులు మాత్రం డబ్బుకు తగ్గట్టే ఉన్నాయి. ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చేయించిన కుర్రవాడు ఈత రాని నా భార్యను రబ్బరు చక్రం పట్టించి ఓపికగా తిప్పాడు. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి దెబ్బతిన్నాయి కనుక ఫొటోల్లోని రంగులు ప్రతిచోటా కనిపిస్తాయనుకోకూడదు. చేపలు మాత్రం కళ్లద్దాల మీదకే వస్తాయి. రాధానగర్‌లో గుర్తులు పెట్టిన హద్దు లోపలే దిగాలి. ఉప్పునీటి మొసళ్ల గురించి రాసి పెట్టిన హెచ్చరికలు అలంకారానికి పెట్టినవి కావు. పిల్లలు ఏరుకున్న పగడపు ముక్కలను అక్కడే పారవేయించాను, వాటిని ఇంటికి తేవడం చట్టప్రకారం నేరం.

ఇక వేట. మూడో రోజు అరపూటకు పడవ, సామగ్రి కలిపి మా దగ్గర 16,000 రూపాయలు తీసుకున్నారు. కాగితంలో ఉదయం పది నుంచి రెండు వరకు అని ఉంది. కాని ముందు రాత్రి పడవ నడిపే సరంగే ఫోన్ చేసి, ఐదున్నరకు జెట్టీ దగ్గర ఉండండి, పోటు ఎక్కేటప్పుడే చేప తింటుంది అని తెలుగులో చెప్పాడు. వాళ్ల తాతగారి కాలంలో శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడిన కుటుంబమట. ఆ పేటలో తెలుగు వినబడడం వింత కాదు. మామయ్యను "పెద్దయ్యా" అని పిలిచి, చేయి పట్టి పడవ ఎక్కించుకున్నాడు.

సామగ్రి గురించి వివరంగా చెప్పాలి. రాడ్లు, రీళ్లు మంచివి, దారం అల్లికది, కొక్కేలకు చేపను జారిపోనివ్వని ముల్లు నొక్కేసి ఉంది. పాపర్ అనే బరువైన కర్ర ఎరను దూరంగా విసిరి, నీటి మీద చప్పుడయ్యేటట్టు గుంజుకుంటూ రావాలి. ఇరవై సార్లు విసిరేసరికి నా భుజం పని చేయడం మానేసింది కనుక అలవాటు లేనివారు మొదట ట్రోలింగ్ అడగడం మంచిది. అందులో పడవ నడుస్తుండగా ఎర వెనుక ఈడ్చుకుంటూ వస్తుంది, మనం కూర్చోవచ్చు. మాకు దానికే మొదటి చేప పడింది. అది మన వైపు కోనెం అనీ, దక్షిణాన వంజరం అనీ పిలిచే చేప. మామయ్య రాడ్ ముట్టలేదు. చేతి గాలం అడిగి తీసుకుని, కవ్వల చేప ముక్క గుచ్చి, అడుగుకు దింపి, వేలి మీద దారం పెట్టుకుని కూర్చుని రెండు గ్రూపర్ చేపలు తీశాడు. దారానికి కట్టిన గుండు అడుగున తగిలిన తీరును బట్టి కింద ఇసుకో రాయో చెప్పేస్తుంటే సరంగు ఇంజను ఆపి మరీ విన్నాడు.

పాపర్‌కు చివరికి పడింది పార జాతిలో అతి పెద్దదైన జెయింట్ ట్రెవలీ. పైకి తేవడానికి పావుగంట పట్టింది. ఆ పడవవాళ్ల నియమం ప్రకారం దాన్ని వదిలేయాలి. ఈ నియమం కాగితంలో ఎక్కడా రాయలేదు, రాయవలసింది. "డబ్బిచ్చి పట్టుకుని మళ్లీ ఇడిచీడానికేట్రా ఇంత దూరం ఒచ్చినాం" అని మామయ్య నవ్వాడు. సరంగు మాత్రం చేపను నీటిలోనే నిలువుగా పట్టుకుని, అది తనంతట తాను తోక విదిలించేదాకా వదలలేదు. సాయంత్రం బసలో కోనెం ముక్కలను విడిగా డబ్బు తీసుకుని వండారు. వేపుడు చెక్కలా ఎండిపోయింది.

మళ్లీ వెళ్తే ఆ సరంగునే అడుగుతాను గాని ప్యాకేజీ తీసుకోను. వేటకు పౌర్ణమి దగ్గరి రోజులు చూసుకుని, పిల్లల కయాక్‌కు మధ్యాహ్నం నీరు నిండుగా ఉండే అష్టమి ప్రాంతాన్ని ఎంచుకుంటాను. జరగని కయాక్, స్నార్కెలింగ్‌ల డబ్బు వారం రోజుల్లో వెనక్కి పంపుతామని సంస్థవారు అన్నారు. రెండు నెలలైంది, ఇంకా రాలేదు.