మహాధమని శస్త్రచికిత్స: సర్జన్‌ను ఎంచుకోవడంలో మా అనుభవం

నాన్నగారి గుండెలోని మహాధమని కవాటానికి పుట్టుకతోనే మూడు రేకులకు బదులు రెండే ఉన్నాయని, దాని పైన ధమని 5.6 సెంటీమీటర్లకు ఉబ్బిందని సీటీ స్కాన్‌లో తేలాక, హైదరాబాద్‌లో ఇద్దరు సర్జన్లను కలిశాం. మొదటిచోట ప్యాకేజీ ఖర్చు గురించి తప్ప ఆపరేషన్ గురించి వివరంగా చెప్పకపోవడం మమ్మల్ని బాధపెట్టింది.

రెండో సర్జన్ మందులచీటీ వెనుక గుండె బొమ్మ గీసి, కవాటాన్నీ ధమని మొదలునూ కలిపి మార్చే బెంటాల్ పద్ధతిని వివరించారు. మెకానికల్ కవాటమైతే జీవితాంతం రక్తం పలుచబరిచే మాత్రలు, రక్తం గడ్డకట్టే తీరును చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు తప్పవని, జంతు కణజాలంతో చేసినదైతే కొన్నేళ్లకు అరిగిపోవచ్చని చెప్పి, నిర్ణయానికి మాకు వ్యవధి ఇచ్చారు. ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారని అడిగితే నొచ్చుకోకుండా, మరణాల సంఖ్యతో సహా చెప్పారు. ఆయన్నే ఎంచుకున్నాం. ఈ కవాట లోపం కుటుంబంలో ఇతరులకూ ఉండవచ్చని, డిశ్చార్జి రోజున మా అన్నదమ్ములందరినీ ఎకో (గుండె స్కాన్) తీయించుకోమని గుర్తుచేసినదీ ఆయనే.