ట్రాపానీ కూస్‌కూస్: చేత్తో కట్టిన రవ్వా, ప్యాకెట్టా? ఏది మేలు?

కూస్‌కూస్ అంటే గోధుమ రవ్వను చిన్న పూసలుగా కట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం. ఇటలీలోని సిసిలీ దీవి పడమటి కొసన ఉన్న ట్రాపానీ ఊళ్లో దాన్ని తినేది చేపల పులుసుతోనే. పక్కనున్న శాన్ వీటో లో కాపోలో 1998 నుంచి దానికో పండగే జరుగుతోంది. అక్కడ పది టేబుళ్ల హోటల్ నడిపేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది రవ్వ సంగతి.

చేతిపనికి కావాల్సింది దురం అనే గట్టి రకం గోధుమ ముతక రవ్వ. కిలోకి ఉప్పునీళ్లు సుమారు పావు లీటరు పడతాయి. మఫరద్దా అనే వెడల్పాటి మట్టి పళ్లెంలో రవ్వ కొద్దికొద్దిగా వేస్తూ, నీళ్లు చిలకరిస్తూ, వేళ్ల కొసలతో గుండ్రంగా తిప్పుతారు. అదమకూడదు. కాసేపటికి రవ్వకు రవ్వ అంటుకుని ఆవగింజల్లాంటి పూసలు కడతాయి. నీళ్లు ఒక్కసారి పోస్తే ఉండలే. విరిచి చూస్తే లోపల పొడి రవ్వ.

పూసలను గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, ఆలివ్ నూనె, ఉల్లిముక్కలు, మిరియాలు పట్టించి చిల్లుల కుండలో వేస్తారు. కింది కుండకూ దీనికీ మధ్య సందును, మనం బిర్యానీ దమ్‌కు చేసినట్టే, పిండిముద్దతో మూస్తారు. ఈ అతుకు ఎక్కడ ఊడినా ఆవిరి పక్కకు పోతుంది, పై పొర పచ్చిగా మిగులుతుంది. గంటన్నర ఆవిరి, మధ్యమధ్య కలపడం. దించాక వేడి పులుసు కలిపి, మూతపెట్టి, ఉన్ని దుప్పటి కప్పి గంట వదిలేస్తారు. అసలు రుచి ఈ గంటలోనే పడుతుంది.

ప్యాకెట్ రవ్వ ఫ్యాక్టరీలోనే ఉడికించి ఆరబెట్టింది. అరకిలోకి అరలీటరు మరిగే నీళ్లు పోసి మూతపెడితే ఐదు నిమిషాల్లో సిద్ధం. కూరగాయల సలాడ్‌కు ఇది చాలు, తప్పేం లేదు. ట్రాపానీ పద్ధతిలో మాత్రం పళ్లెంలో మళ్లీ గరిటెడు పులుసు పోస్తారు. అప్పటికే నీళ్లు తాగిన పూస ఉబ్బి, సగం తినేలోగా జావవుతుంది.

మధ్యే మార్గం ఉంది. ప్యాకెట్ రవ్వకే నూనె రాసి, ఉప్పునీళ్లు చల్లి పది నిమిషాలు ఆగాలి. పావుగంట ఆవిరి పట్టి, పళ్లెంలో విడదీసి, ఇంకాస్త తడిపి, మరో పావుగంట పెట్టాలి. పూస బిరుసుగా నిలుస్తుంది.

పులుసు దగ్గర మాత్రం రాజీ వద్దు. స్కోర్ఫానో లాంటి ముళ్ల చేపలే దానికి చిక్కదనం ఇస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, నూరిన బాదంతో ఉడికించి తప్పకుండా వడకట్టాలి. ఒక్క ముల్లు చాలు, ఆ కస్టమర్ మళ్లీ రాడు.

మా లెక్కలో వారానికి రెండు రోజులు చేతిపని, ముందే చెప్పినవాళ్లకు మాత్రమే. మిగతా రోజులు రెండుసార్లు ఆవిరి పట్టిన ప్యాకెట్, మెనూలో ఆ మాట రాసి మరీ. దాచినా లాభం లేదు. చేతి పూసలు చిన్నాపెద్దా ఉంటాయి, ప్యాకెట్‌వి అచ్చు గుద్దినట్టు ఒకే సైజు. తెలిసినవాళ్లు చెంచా ఎత్తకముందే పట్టేస్తారు.