ఓపెన్ సైటా, పీప్ సైటా: చెన్నైలో రైఫిల్ పట్టేవాళ్ళకి ఏది మేలు?

చెన్నైలో పిల్లల్ని ఎయిర్ రైఫిల్ షూటింగ్‌లో చేర్చే మన తెలుగువాళ్ళు మొదట అడిగేది రైఫిల్ ధర. ఆ వెంటనే వచ్చే ప్రశ్న "అన్నా, ఓపెన్ సైట్ కొనాలా, పీప్ సైట్ కొనాలా?" అని. సైట్ అంటే రైఫిల్ మీద గురి చూసే అమరిక. నా మాట ముందే చెప్పేస్తాను. పోటీలకి వెళ్ళాలనుకునే పిల్లలకి, నలభై దాటిన పెద్దలకి పీప్ సైట్. సరదాగా నేర్చుకునే కుర్రకారుకి ఓపెన్ సైట్ చాలు. అయితే ఓపెన్ సైట్‌ని చిన్నపిల్లల వ్యవహారంగా తీసిపారేయడం నాకు నచ్చదు. ఎందుకో కింద చెప్తాను.

ఓపెన్ సైట్‌లో వెనక ఒక గాడి, ముందు ఒక పోస్టు, అంటే నిలువు కడ్డీ, ఉంటాయి. గాడి నడిమధ్యలో పోస్టు నిలబడాలి, రెండింటి పైఅంచులు ఒకే మట్టంలో ఉండాలి, ఆపైన టార్గెట్ నలుపు, అంటే దాని నడుమనున్న నల్లటి వృత్తం, కుదరాలి. గాడి, పోస్టు, టార్గెట్ మూడు వేరు వేరు దూరాల్లో ఉన్నాయి. కన్ను ఒకసారి ఒకదాన్నే స్పష్టంగా చూడగలదు. అందుకే చూపు పోస్టు మీదే నిలపమని, టార్గెట్ మసకగా కనిపించినా పట్టించుకోవద్దని చెప్తారు. కుర్ర కళ్ళకి ఇది కష్టం కాదు. చత్వారం వచ్చినవాళ్ళకి గాడి అంచులు అలుక్కుపోతాయి, పోస్టు కూడా కుదురుగా కనిపించదు.

పీప్ సైట్‌లో వెనక సన్నటి రంధ్రం, ముందు చిన్న గొట్టంలాంటి తొడుగులో ఒక రింగు ఉంటాయి. సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరందీ రెండూ తేటపడతాయి. నమ్మకం లేకపోతే అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పొడిచి, కళ్ళజోడు తీసేసి, ఆ చిల్లులోంచి మందుల అట్ట మీది సన్న అక్షరాలు చదివి చూడండి. పైగా వెనక రంధ్రాన్ని కన్ను గురిపెట్టి చూడాల్సిన పని లేదు, ముందు రింగు దాని నడిమధ్యకి దానంతటదే వచ్చినట్టుంటుంది. అలాగని రంధ్రం మరీ సన్నం చేస్తే చీకటి, మసక రెండూ వస్తాయి. 1.2 మి.మీ. దగ్గర మొదలుపెట్టి వెలుతురుని బట్టి మార్చుకోవచ్చు.

లెక్కలో కూడా పీప్‌దే పైచేయి. ఓపెన్ సైట్ రైఫిల్‌లో గాడికీ పోస్టుకీ మధ్య 45 సెం.మీ. ఉందనుకుందాం. పోస్టు వెంట్రుక మందం, అంటే 0.1 మి.మీ. పక్కకి కుదిరినా 10 మీటర్ల దగ్గర పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) 2.2 మి.మీ. పక్కకి పోతుంది. టార్గెట్ మీది స్కోరు వలయాల్లో గీతకీ గీతకీ ఉన్న దూరమే 2.5 మి.మీ. అంటే వెంట్రుకంత తేడాకి దాదాపు ఒక పాయింటు పోయింది. పీప్ సైట్‌లో రెండు సైట్ల మధ్య 75 సెం.మీ. ఉంటే అదే పొరపాటుకి 1.3 మి.మీ. తేడా వస్తుంది. టార్గెట్ నడుమ పది పాయింట్ల వలయం 0.5 మి.మీ. చుక్క మాత్రమే. 4.5 మి.మీ. పెల్లెట్ దాన్ని తాకితే చాలు కాబట్టి బతికిపోతున్నాం.

సైట్లు సరిచేసుకోవడంలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. సూత్రం రెండింటికీ ఒకటే. పెల్లెట్ ఎటు వెళ్ళాలో వెనక సైట్ అటు జరపాలి. ముందు సైట్ జరపాల్సి వస్తే దానికి ఎదురు దిక్కు, అంటే పోస్టు ఎత్తు పెంచితే దెబ్బ (పెల్లెట్ తగిలే చోటు) కిందకి దిగుతుంది. ఓపెన్ సైట్‌లో, ముఖ్యంగా మన దగ్గర దొరికే చవక స్ప్రింగ్ రైఫిళ్ళలో, స్క్రూకి ఆట ఎక్కువ. ఒక దిక్కు తిప్పి, ఎక్కువైందని వెనక్కి తిప్పితే, స్క్రూ తిరుగుతుంది కానీ సైట్ కదలదు. అందుకని వెనక్కి రావాల్సి వచ్చినప్పుడు కాస్త ఎక్కువే వెనక్కి తిప్పి, మళ్ళీ ముందు తిప్పిన దిక్కులోనే తెచ్చి ఆపాలి. పీప్ సైట్‌లో ఈ గొడవ చాలా తక్కువ. గుండీ తిప్పుతుంటే క్లిక్కులు చెవికి వినిపిస్తాయి, వేలికి తెలుస్తాయి. ఒక క్లిక్కుకి ఎంత జరుగుతుందో పుస్తకం చూసి నమ్మేకంటే, ఐదు పెల్లెట్లు కాల్చి, పది క్లిక్కులు తిప్పి, మళ్ళీ ఐదు కాల్చి, రెండు గ్రూపుల (ఒకచోట పడ్డ చిల్లుల గుంపుల) నడుమ దూరాన్ని స్కేలుతో కొలిచి పదితో భాగించుకోండి. గుండీల మీది బాణం గుర్తుల్ని కూడా ఇలాగే పరీక్షించాలి. కొన్ని రైఫిళ్ళ మీద అవి దెబ్బ ఎటు జరగాలో చెప్తాయి, కొన్నింటి మీద దెబ్బ ఎటు తప్పిందో చెప్తాయి.

ఏ సైట్ అయినా ఒక్క దెబ్బ చూసి స్క్రూ ముట్టుకోకూడదు. ఐదు పెల్లెట్లు ఒకచోట పడితేనే గ్రూపు. అవి చెల్లాచెదురుగా పడుతుంటే తప్పు సైట్‌ది కాదు, నిలబడే తీరుదో, చెంప ఆన్చే తీరుదో, ట్రిగ్గర్ లాగే వేలుదో. రేంజిలో ప్రతి షాటుకీ రెండు క్లిక్కులు తిప్పుతూ కూర్చునే పిల్లల్ని, వెనకనుంచి "పైకి, ఇంకా పైకి" అంటూ సైగలు చేసే నాన్నల్ని చూస్తే జాలేస్తుంది.

ఇక ఓపెన్ సైట్‌ని ఎందుకు తీసిపారేయనో చెప్తాను. గాడి పైఅంచు తిన్నగా ఉంటుంది కాబట్టి రైఫిల్ పక్కకి వాలితే వెంటనే కంటికి పట్టిస్తుంది. గుండ్రటి రంధ్రంలో గుండ్రటి రింగు, అందులో గుండ్రటి నలుపు పెట్టుకున్నవాళ్ళకి వాలు తెలియదు. రైఫిల్ కుడికి వాలితే దెబ్బ కుడికీ, కాస్త కిందకీ పోతుంది. వాళ్ళు దాన్ని క్లిక్కులతో సరిదిద్దుతారు, మర్నాడు నిటారుగా పట్టుకుంటారు, అంతే, టెన్షన్ మళ్ళీ మొదలు. కొన్నాళ్ళు ఓపెన్ సైట్ మీద చేయి తిరిగిన పిల్లలు పీప్‌కి మారినప్పుడు రైఫిల్ నిటారుగా ఉంచడం వాళ్ళకి అలవాటై ఉంటుంది.

సైన్యాల్లోనూ ఈ మార్పు జరిగింది. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో కూడా తయారైన పాత .303 సైనిక రైఫిల్ నంబర్ 1 మార్క్ 3కి వెనక సైట్ తుపాకి గొట్టం మీద, కంటికి దూరంగా, గాడితో ఉండేది. తర్వాతి నంబర్ 4 రైఫిల్‌కి దాన్ని కంటి దగ్గరకి తెచ్చి రంధ్రం చేశారు. రెండు సైట్ల మధ్య దూరం కూడా దాంతో పెరిగింది.

మన ఊరి వాతావరణం సంగతికొస్తే, ఉక్కపోతలో జాకెట్ వేసుకుని నిలబడితే చెమట, ఆవిరి కలిసి పీప్ రంధ్రాన్ని మసకబారుస్తాయి. పక్కన మెత్తటి పొడిబట్ట ఉంచుకోవాలి. ఓపెన్ సైట్‌కి ఆ బాధ లేదు కానీ మేడ మీద ఎండలో పోస్టు తళతళలాడితే దాని అసలు అంచు ఎక్కడుందో తెలియక గ్రూపు పక్కకి జరుగుతుంది. కర్పూరం వెలిగించి ఆ మసి పోస్టుకి పట్టిస్తే మెరుపు పోతుంది. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పు పట్టకుండా చుక్క నూనె రెండింటికీ అవసరమే.

డబ్బు, పోటీల సంగతి క్లుప్తంగా. ఓపెన్ సైట్ స్ప్రింగ్ రైఫిల్ వేలల్లో వస్తుంది, విదేశీ మ్యాచ్ రైఫిల్ లక్షల్లో. స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్, పీప్ సైట్ వేరు విభాగాలుగా జరిగాయి కాబట్టి చిన్న స్థాయిలో ఓపెన్ సైట్‌కీ చోటుంది. చెన్నైలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మాత్రం పీప్ సైట్ లేకుండా బరిలోకి దిగేవాళ్ళుండరు. టెలిస్కోపుకి అక్కడ అనుమతి లేదు. పాపకి ఆ ఆశ ఉంటే ముందు క్లబ్బు రైఫిల్‌తో పీప్ మీద సాధన చేయించండి, కొనే మాట ఆ తర్వాత. ముందు రింగు మాత్రం మరీ బిగుతుగా వద్దు. తుపాకి గొట్టం చివర టార్గెట్ నలుపు దాదాపు 3 మి.మీ. ఉన్నట్టు కనిపిస్తుంది. 3.2 మి.మీ. రింగు వేస్తే నలుపు చుట్టూ తెలుపు మిగలక, అంచు తాకిన ప్రతిసారీ పిల్ల ట్రిగ్గర్ లాగకుండా ఆగిపోతుంది. 3.8తో మొదలుపెట్టించండి.