రెజ్లర్ల ఆత్మకథలు: ఎవరి లెక్కలు వారివి

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమైపోతాయన్నది ఇప్పుడు దాపరికం లేని సంగతి. 1989లో ఆ వ్యాపారం నడిపేవారే న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది క్రీడ కాదు, వినోదమని ఒప్పుకున్నారు. అంతకుముందు దశాబ్దాల పాటు ఆ గుట్టు బయటపడకుండా చూసుకోవడం రెజ్లర్ వృత్తిధర్మంగా ఉండేది. వాళ్ల పరిభాషలో దాని పేరు కేఫేబ్. రింగులో శత్రువులుగా కనిపించినవాళ్లు నలుగురి కళ్లముందు ఒకే కారెక్కకూడదు, ఒకే బల్ల దగ్గర భోంచేయకూడదు, కట్టిన వేషాన్ని వీధిలో కూడా విప్పకూడదు. అలా ఏళ్ల తరబడి వేషంలోనే మసలిన మనిషి ఒకరోజు కూర్చుని ‘నేను’ అని రాయడం మొదలుపెడితే ఆ ‘నేను’ ఎవరు? ఈ ప్రశ్నతోనే నేను ఈ పుస్తకాలు పట్టుకున్నాను. చదువుతూ పోగా, వాళ్లు నిజమని ఒట్టేసి చెప్పే మాటల దగ్గర కాకుండా, ఎన్నేళ్లయినా మరిచిపోకుండా దాచుకున్న లెక్కల దగ్గర మనిషి దొరుకుతాడని తేలింది. ఒకరు గాయాలు లెక్కపెట్టుకుంటారు, ఒకరు ద్రోహాలు, ఇంకొకరు తనను మెచ్చుకున్నవారిని. ఈ సమీక్షలో నేను చూసింది ఆ లెక్కలనే.

మొదట చెప్పవలసింది మిక్ ఫోలీ 1999లో వెలువరించిన ‘హ్యావ్ ఎ నైస్ డే’ గురించి. ఈ తరహా పుస్తకాలకు దారి వేసింది అదే. రెజ్లర్ చెబుతుంటే మరొకరు రాసిపెట్టడం మామూలు పద్ధతి అయితే, ఫోలీ ఆ సాయాన్ని కాదనుకుని ఏడు వందలకు పైగా పేజీలు తన చేత్తోనే కాగితాల మీద రాశాడు. అది న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. గొంతు ఆయనదేనని పది పేజీలు చదివేసరికి తెలిసిపోతుంది: వాక్యాలు ఒక్కోచోట పక్కదారి పడతాయి, హాస్యం శ్రుతి మించుతుంది, అయినా ప్రతి పేజీలోనూ ఒక మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఆ పుస్తకంలో నేను ఆగి మళ్లీ మళ్లీ చదివిన ఘట్టం 1994 మార్చిలో మ్యూనిక్‌లో జరిగిన మ్యాచ్. వేడర్ అనే భారీకాయుడితో తలపడుతూ, ఫోలీ తనకు అలవాటైన ఒక ప్రమాదకరమైన విన్యాసం చేశాడు. పడిపోతున్నట్టు నటిస్తూ రింగు తాళ్ల మధ్య మెడ మెలిపడేలా చిక్కుకోవడం ఆ విన్యాసం. ఆ రాత్రి తాళ్లు మామూలు కంటే బిగించి ఉన్నాయి. తల విడిపించుకునే పెనుగులాటలో కుడి చెవి చీలిపోయి, మ్యాచ్ సాగుతుండగానే అందులో చాలా భాగం ఊడి పడింది. రెఫరీ ఆ ముక్కను ఏరి రింగు పక్కనున్నవారికి అందించాడు, మ్యాచ్ ఆగలేదు. ఇంతవరకూ ఏ రెజ్లర్ అయినా చెప్పుకోగల కథే. ఆ తర్వాత ఫోలీ బాధ ఎటు మళ్లిందో చూడండి. తాను పనిచేస్తున్న డబ్ల్యూసీడబ్ల్యూ సంస్థ ఆ పోయిన చెవిని టీవీ కథలో వాడుకోలేదన్నది ఆయనకు మిగిలిన పెద్ద ఫిర్యాదు. చెవి పోయినందుకు కాదు, పోయిన చెవి వృథా అయినందుకు ఆయన మనసు కుమిలింది. వేషానికీ శరీరానికీ మధ్య గీత ఈ మనిషిలో ఎంత పలచబడిపోయిందో చెప్పడానికి ఏ మనస్తత్వ విశ్లేషణా ఇంతకంటే సూటిగా పనికిరాదని నా అభిప్రాయం.

1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో సుమారు పదహారు అడుగుల ఎత్తున్న ఉక్కు పంజరం మీది నుంచి అండర్‌టేకర్ అనే రెజ్లర్ ఆయనను కింది బల్ల మీదికి విసిరేసిన సంగతి రెజ్లింగ్ చూసిన ప్రతివారికీ తెలుసు. తెలియనిది పుస్తకం చెబుతుంది: ఆ మ్యాచ్‌లో చాలా భాగం ఆయనకే గుర్తులేదు. తన జీవితంలో అందరికీ గుర్తున్న రాత్రిని ఆయన వీడియోలో చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఆత్మకథ రాస్తున్నవాడు తన కథకు తానే ప్రేక్షకుడైన ఆ చోటును నేను మరే పుస్తకంలోనూ చూడలేదు.

ఫోలీ 2001లో తెచ్చిన రెండో పుస్తకం ‘ఫోలీ ఈజ్ గుడ్’ మొదటిదానంత పట్టుగా ఉండదు. రెజ్లింగ్‌ను విమర్శించినవారికి జవాబులు చెప్పే భాగం బాగా సాగింది. ఓపిక లేనివారు దాటేయవచ్చు. అయితే 1999 జనవరి 24న అనహైమ్‌లో ది రాక్‌తో జరిగిన ‘ఐ క్విట్’ మ్యాచ్ (ఒకరు ‘వదిలేస్తున్నా’ అనేవరకూ సాగే పోటీ) తాలూకు పేజీల కోసమే ఈ పుస్తకం కొనవచ్చు. చేతులకు బేడీలున్న ఫోలీ తల మీద ఆ రాత్రి పదకొండు సార్లు కుర్చీ దెబ్బలు పడ్డాయి; ముందుగా అనుకున్నది ఐదు. రింగు పక్కనే భార్య, ఇద్దరు చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. పిల్లలు భయంతో ఏడవడం ఆయన తర్వాత ఒక డాక్యుమెంటరీ కోసం తీసిన దృశ్యాల్లో చూశాడు. అంతవరకూ గాయాల లెక్కను పతకాల లెక్కలా చెబుతూ వచ్చిన గొంతు అక్కడ తడబడుతుంది. తాను మంచి తండ్రినేనా అన్న సందేహం మొదటిసారి నిజంగా ఆయనను పట్టుకుంది. ఆ తడబాటును సరిదిద్దకుండా వదిలేసినందుకు రచయితగా ఫోలీని నేను గౌరవిస్తాను.

మొదటి పుస్తకంలో ఫోలీ, రింగులో రిక్ ఫ్లేర్ అంతటివాడు లేడని ఒప్పుకుంటూనే, మ్యాచ్‌లు కూర్చే పెత్తనం చేతికి వచ్చినప్పుడు ఆయన అంతే దారుణంగా వ్యవహరించాడని రాశాడు. ఫ్లేర్ 2004లో వచ్చిన తన ‘టు బి ద మ్యాన్’లో దానికి బదులు తీర్చుకున్నాడు: ఫోలీ రెజ్లర్ కాదు, ఎక్కువ గొప్ప చేసిన స్టంట్‌మ్యాన్ మాత్రమేనని. రెండేళ్లు తిరిగేసరికి, 2006 వేసవిలో, ఈ కాగితాల మీది తగాదానే డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లిద్దరి మధ్య రింగు కథగా మలిచి ఆడించింది. నిజంగా గాయపడ్డ మాటలు వేషంలోకి తిరిగివెళ్లి టికెట్లు అమ్మిపెట్టాయి. ఈ పుస్తకాలను విడివిడిగా కాక పక్కపక్కన పెట్టి చదవాలని నేను చెప్పడానికి ఇదొక కారణం.

ఫ్లేర్ పుస్తకం ఆరంభం అద్భుతంగా ఉంటుంది. టెనెసీలో దత్తత పేరుతో పిల్లలను అమ్మిన ఒక అపఖ్యాతి పొందిన సంస్థ ద్వారా పెంపుడు తల్లిదండ్రులకు చేరిన బిడ్డ ఆయన. కాగితాన్ని బట్టి పుట్టినప్పటి ఇంటిపేరు మూడు రకాలుగా కనిపిస్తుందని ఆయనే చెబుతాడు. రింగులో ఆయన బిరుదు ‘నేచర్ బాయ్’ కూడా బడీ రోజర్స్ అనే పాత యోధుడిది. సొంత పేరు ఏదో తెలియని మనిషి అరువు తెచ్చుకున్న పేరును ముప్పై ఏళ్లకు పైగా గొంతు చించుకుని అరిచాడని తలచుకుంటే, ఆయన వేషంలో భాగమైన ఆ ఖరీదైన సూట్లకూ విమానాలకూ వేరే అర్థం వస్తుంది. 1975 అక్టోబరు 4న విల్మింగ్టన్ దగ్గర చిన్న విమానం కూలినప్పుడు ఆయన వెన్నెముక మూడుచోట్ల విరిగింది. కొన్ని నెలల్లోనే తిరిగి రింగెక్కాడు. అటువంటివాడు తొంభైలలో కొందరు అధికారుల చిన్నచూపుకు ఆత్మవిశ్వాసం పోగొట్టుకుని ఏడ్చానని ఒప్పుకోవడం ఈ పుస్తకంలో అన్నిటికంటే నిజాయితీగల చోటు. లోపం ఏమిటంటే, అధ్యాయాల మధ్య తోటివాళ్ల మాటలు చేర్చారు. అవి ఎక్కువగా పొగడ్తలే. చదువరికి అవి అడ్డం. కానీ ఫ్లేర్‌కు అవి అవసరం. పక్కవాడు సాక్ష్యం చెబితే తప్ప తాను గొప్పవాడినని ఆయనకు నమ్మకం కుదరదు.

హల్క్ హోగన్ 2002 నాటి పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. 1987 మార్చి 29న హోగన్ ఆడిన ‘రెసిల్‌మేనియా’ ప్రదర్శన చూడటానికి పాంటియాక్ సిల్వర్‌డోమ్ స్టేడియానికి 93,173 మంది వచ్చారని నిర్వాహకులు ప్రకటించారు. ఆ సంఖ్యను పరిశీలించినవారు అసలు సంఖ్య దాదాపు 78,000 అంటారు. ఆ సంఖ్యలాగే ఆయన కథలన్నీ చెప్పేకొద్దీ పెరుగుతూ పోతాయి. విడాకుల కాలంలో ప్రాణం తీసుకోబోయిన సంగతి చెప్పే 2009 నాటి రెండో పుస్తకం కొంత మెరుగు. ది రాక్ పుస్తకం 2000లో వచ్చింది. అందులో కొంత భాగం వేషం గొంతుతోనే నడుస్తుంది. అభిమానులకు సరదాగా ఉండవచ్చుగానీ, డ్వేన్ జాన్సన్ అనే ఇరవై ఏడేళ్ల యువకుడు తలుపు సగమే తెరిచాడు.

బ్రెట్ హార్ట్ 2007లో వెలువరించిన ‘హిట్‌మ్యాన్’ ఈ వరుసలో అన్నిటికంటే బరువైన పుస్తకం, అన్ని అర్థాలలోనూ. ఊరూరూ తిరిగే రోజుల్లో ఆయన తన అనుభవాలను ఎప్పటికప్పుడు టేపు రికార్డరులో చెప్పి దాచుకున్నాడు. 2002లో పక్షవాతం వచ్చిన మనిషి ఆ టేపుల ఆధారంగా ఈ కథను కూర్చాడు. అందువల్ల ఇందులో ఇరవై ఏళ్ల నాటి హోటలు గది కూడా నిన్న చూసినంత స్పష్టంగా ఉంటుంది. ఇంకెవరూ ఇంత పకడ్బందీగా లెక్కలు రాసుకోలేదు: ఎవరికి ఓడమన్నారు, ఎందుకన్నారు, ఎవరు మాట ఇచ్చి తప్పారు. ముందే నిర్ణయమైన ఓటమికి ఇంత బాధ ఎందుకని బయటివారికి అనిపించవచ్చు. కాల్గరీలో పన్నెండుమంది పిల్లల ఇంట్లో, తండ్రి స్టూ హార్ట్ నేలమాళిగలో కుర్రాళ్ల చేత బాధతో కేకలు పెట్టించే శిక్షణశాల నడిపిన ఇంట్లో పెరిగినవాడికి, ఛాంపియన్‌గా ఎన్నుకోబడటమే నిజమైన గెలుపు. ఎవరిని గెలిపించాలన్నది యజమాని నమ్మకానికి కొలత.

1997 నవంబరు 9న మాంట్రియల్‌లో ఆ కొలత తప్పింది. డబ్ల్యూడబ్ల్యూఈ (అప్పటి పేరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్) సంస్థ వీడి వెళ్తున్న బ్రెట్, సొంత దేశపు జనం ముందు షాన్ మైకేల్స్‌కు ఓడనన్నాడు. చివరి రోజుల్లో తన పాత్ర విషయంలో మాట చెల్లే హక్కు ఒప్పందంలోనే ఉంది. వేరే ముగింపుకు అంగీకారం కుదిరింది. తీరా మ్యాచ్‌లో, బ్రెట్ లొంగకుండానే, ఆయన సొంత పట్టులోనే షాన్ ఆయనను ఇరికించి ఉండగా, యజమాని విన్స్ మెక్‌మాన్ గంట కొట్టించాడు. బ్రెట్ యజమాని మొహం మీద ఉమ్మాడు, గాలిలో వేలితో తాను చేరబోయే డబ్ల్యూసీడబ్ల్యూ పేరు రాశాడు, దుస్తులు మార్చుకునే గదిలో ఆయనను కొట్టాడు. పుస్తకంలో ఈ అధ్యాయాలు ఊపిరి ఆడనివ్వవు. కానీ ఇక్కడే నాకొక అభ్యంతరం ఉంది. ఐదు వందల పేజీలు దాటిన ఈ కథలో బ్రెట్ దాదాపు ప్రతి వాదనలోనూ సరైన పక్షానే ఉంటాడు. భార్యకు చేసిన ద్రోహాలను దాచలేదు, స్టెరాయిడ్లు వాడిన సంగతీ దాచలేదు. అయితే అవి ఒప్పుకునే గొంతుకూ, తనకు జరిగినవి చెప్పే గొంతుకూ తేడా ఉంది. మొదటిది క్లుప్తం, రెండోది సవివరం. 1999 మే 23న కాన్సాస్ సిటీలో, పైకప్పు నుంచి దిగే వేషంలో తమ్ముడు ఓవెన్ పడి చనిపోయిన ఘట్టం దగ్గర మాత్రం లెక్కలన్నీ పక్కకు జరుగుతాయి. అక్కడ అన్న ఒక్కడే మిగులుతాడు.

తన చేతిలో ఎవరూ పెద్దగా గాయపడలేదన్నది బ్రెట్ జీవితకాలపు గర్వం. దాని పక్కన డైనమైట్ కిడ్‌గా పేరుపొందిన టామ్ బిల్లింగ్టన్ 1999 నాటి ‘ప్యూర్ డైనమైట్’ పెట్టుకోండి. ఇద్దరూ కాల్గరీలో ఒకే రింగులో ఎదిగినవారు, తోడల్లుళ్లు కూడా. బ్రెట్ కథలో డైనమైట్ సాటిలేని పనివాడు, తోటివాళ్ల పట్ల క్రూరుడు. డైనమైట్ తన కథలో ఆ క్రూరత్వాన్ని తుంటరి చేష్టలుగా చెబుతాడు. గాలిలో ఎగిరి తలతో పొడిచే తన ప్రసిద్ధమైన విన్యాసాలు వెన్నెముకను తినేశాయి. పుస్తకం నాటికి ఆయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. అయినా దేన్నీ మార్చుకోనంటాడు. చిన్న పుస్తకం, అలంకారాలు లేవు, క్షమాపణలు లేవు. నచ్చే మనిషి కాడు, కానీ మనల్ని మెప్పించాలని ఒక్క వాక్యం కూడా రాయలేదు.

ఇటీవలి వాటిలో మహిళా రెజ్లర్ ఏజే లీ 2017లో రాసిన పుస్తకాన్ని తప్పక చేర్చుకోవాలి. ఇల్లు నిలకడగా లేని పేదరికం, బైపోలార్ రుగ్మత అందులో ప్రధానంగా నిలుస్తాయి. మ్యాచ్‌లు వెనక్కి తగ్గుతాయి. మగవాళ్ల పుస్తకాల్లో సగం చోటు ఆక్రమించే ‘ఎవరు నన్ను తొక్కారు’ అన్న పాట ఇందులో తక్కువ.

కొత్తగా మొదలుపెట్టేవారు ఫోలీ మొదటి పుస్తకం, తర్వాత ఫ్లేర్, ఆపై డైనమైట్, బ్రెట్ జంటగా చదివితే బాగుంటుంది. ఎడ్డీ గెరెరో ‘చీటింగ్ డెత్, స్టీలింగ్ లైఫ్’ను ఆఖరున ఉంచండి. 2004 ఫిబ్రవరిలో ఛాంపియన్ అయ్యాక ఆ బరువు ఆయన మోయలేకపోయాడు. జనం తగ్గిన ప్రతి రాత్రీ ఖాళీ కుర్చీలను తన తప్పుగా లెక్కవేసుకున్నాడు. వ్యసనాలను జయించి, కుటుంబాన్ని తిరిగి దక్కించుకున్న కృతజ్ఞతతో ముగించిన పుస్తకం అది. ఆయన 2005 నవంబరు 13న ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మినియాపోలిస్‌లోని హోటలు గదిలో మరణించాడు. పుస్తకం డిసెంబరులో వచ్చింది.