గుంటుపల్లి కొండ: బుద్ధుడి స్తూపం, ధర్మలింగేశ్వరుడి గుడి

గోదావరి డెల్టా ఊళ్లవాళ్లు బౌద్ధక్షేత్రం చూడాలనుకుంటే దగ్గర్లో రెండున్నాయి. కోనసీమలో గోదావరి పాయ వైనతేయ ఒడ్డున ఆదుర్రు ఒకటి, ఏలూరుకు ఉత్తరాన జీలకర్రగూడెం పక్కనున్న గుంటుపల్లి కొండ ఇంకొకటి. ఆదుర్రు స్తూపానికి అశోకుడి కూతురు సంఘమిత్ర శంకుస్థాపన చేసిందని అక్కడ చెప్పుకుంటారు. ఇప్పుడు మిగిలింది బండిచక్రం ఆకుల్లా పరుచుకున్న ఇటుక పునాదే కాబట్టి గంటలో చూసేయొచ్చు. చేతిలో ఒక్కరోజే ఉంటే గుంటుపల్లికే ఓటు.

ఏలూరు నుంచి తడికలపూడి, కామవరపుకోట మీదుగా దాదాపు 40 కిలోమీటర్లు. కామవరపుకోట దాకా ఆర్టీసీ బస్సులుంటాయి, అక్కణ్ణుంచి ఆటో. రానూపోనూ, పైన మూడు గంటలు ఆగడంతో సహా ముందే బేరం కుదుర్చుకోండి. ఒకవైపుకే మాట్లాడుకున్నవాళ్లు ఎండలో కొండ దిగి, తిరుగు బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టిఫిను వెంట తీసుకెళ్లండి. పైన ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకోవద్దు. టికెట్టుకు చిల్లర దగ్గరుంచుకోండి.

ఎనిమిది, తొమ్మిది గంటలకల్లా పైనుంటే ముందు ఆరుబయటవి చూసేయండి: మెట్లున్న పెద్ద స్తూపం, ఏనుగు వీపులా ఒక కొస గుండ్రంగా ఉండే (గజపృష్ఠాకారపు) ఇటుక చైత్యం, అంటే ప్రార్థనా మందిరం, గుంపుగా కట్టిన చిన్నచిన్న మొక్కుబడి స్తూపాలు. శిథిల మండపం దగ్గర కాసేపు ఆగండి. దాని స్తంభాల మీద మహామేఘవాహన వంశపు రాజు సిరిసద శాసనం ఉంది. కళింగ రాజు ఖారవేలుడిదీ ఆ వంశమే. పది దాటాక బండ కాలుతుంది. అప్పుడు గుహల్లోకి వెళ్తే నీడకు నీడ, చూడ్డానికి చూడ్డం. విహారాలు, అంటే భిక్షువులు ఉండే గదులు, ఇసుకరాతిలో తొలిచినవి. వాననీటికి రాయి గుల్లబారి గదుల అంచులు అరిగిపోయాయి. గుమ్మాలు పట్టుకుని వేలాడకండి, పిల్లల్ని ఎక్కనివ్వకండి.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఉండాల్సింది గుండ్రటి చైత్యంలో. క్రీస్తుపూర్వం 2, 1 శతాబ్దాల నాటి పని. ముఖద్వారం పైన గుర్రపు లాడం ఆకారంలో కమాను, లోపల రాతిలోనే మలిచిన స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు సన్నని దారి. ఎండలోంచి రాగానే ఏమీ కనిపించదు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడి తల పైకెత్తండి. గొడుగు ఊచల్లా కప్పు నిండా దూలాలు కనిపిస్తాయి. కర్రతో ఇల్లు కట్టే వడ్రంగి పద్ధతిని రాతిలో పొల్లుపోకుండా దించారు. ఫ్లాష్ కొడితే అంతా చదునుగా పడుతుంది. ఫోను లైటు కింద నుంచి ఏటవాలుగా పట్టుకుంటే ఒక్కో దూలం నీడ విడిగా తేలుతుంది.

ఆ స్తూపమే ఊరివాళ్లకు ధర్మలింగేశ్వరస్వామి. అరణ్యవాసంలో పాండవులు ఈ గుహల్లో తలదాచుకున్నారని చెప్పుకుంటారు. శివరాత్రికి మొక్కులతో కొండెక్కుతారు. ధర్మలింగేశ్వరుడనే పేరులో పాత ‘ధమ్మం’ (బౌద్ధ ధర్మం) దాగి ఉందేమో అనిపిస్తుంది. చెప్పులు బయటే వదలండి. ఎవరైనా దణ్ణం పెట్టుకుంటుంటే కెమెరా దించి దారివ్వండి. శిల్పం నిదానంగా చూడాలనుకునేవాళ్లు శివరాత్రి వదిలేసి మరో రోజు రావడం మేలు.

వానాకాలంలో కొండ పచ్చగా కళ్లకు హాయిగా ఉంటుంది గానీ, పాచిపట్టిన బండ మీద కాలు నిలవదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

బసకు ఏలూరా, ద్వారకాతిరుమలా? రైల్లో వచ్చేవాళ్లకు ఏలూరు నయం: మెయిన్ లైను స్టేషను, లాడ్జీలు, హోటళ్లు అన్నీ ఉంటాయి. సొంత బండి, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ద్వారకాతిరుమల మంచిది. గుంటుపల్లి కొండకు దగ్గర, దేవస్థానం గదులుంటాయి, మధ్యాహ్నం అన్నదానంలో భోజనం చేయొచ్చు. శనివారాలు, పెళ్లిముహూర్తాల రోజుల్లో మాత్రం గది దొరకడం కష్టం. ఆ రోజుల్లో వెళ్తే ముందే గది ఖాయం చేసుకోండి, కుదరకపోతే ఏలూరులోనే దిగి తెల్లవారుజామున బయల్దేరండి.