ఒకే సీసా సైలేన్: మూడేళ్లు వాడాక

వెనీర్ (పంటి ముందు ముఖానికి అంటించే పలచని పింగాణీ పొర) ఊడితే అందరూ ముందు అంటించిన సిమెంట్‌ని తిడతారు. పింగాణీకీ సిమెంట్‌కీ బంధం కలిపే ద్రవం సైలేన్. దాని ఒకే సీసా రకాన్ని మూడేళ్లు వాడాక నాకు మాత్రం ముందు ఆ చిన్న సీసా మీదే అనుమానం.

మొదట్లో దీన్ని తెగ మెచ్చుకున్నాను. కలపక్కర్లేదు, చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు, మూత తీసి బ్రష్‌తో రాస్తే సరి. ఆ మెప్పు కొత్త సీసాకి ఇప్పటికీ చెల్లుతుంది.

పేచీ పెట్టింది పై లాటరల్ (ముందరి రెండు పళ్ల పక్క పన్ను) వెనీర్ ఒకటి. పద్నాలుగు నెలలకి, చిన్న పెచ్చు కూడా పోకుండా, నిలువునా ఊడి వచ్చింది. ఇలాంటప్పుడు ముందు చూడాల్సింది సిమెంట్ ఎక్కడ ఉండిపోయిందని. అది వెనీర్‌లోనే ఉండి పన్ను బోసిగా కనిపిస్తే తప్పు పంటి వైపు: తడి తగిలి ఉంటుంది, ఎచ్చింగ్ (ఆసిడ్‌తో గరుకు చేయడం) చాలకపోయి ఉంటుంది, లేదా అరగదీతలో ఎనామిల్ పోయి దాని కింది పొర డెంటిన్ బయటపడి ఉంటుంది. ఇక్కడ సిమెంటంతా పంటికే ఉంది, వెనీర్ లోపల జాడ లేదు. పోనీ పింగాణీని గరుకు చేసే హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ పట్టలేదా అంటే, లూప్స్‌లో (కళ్లకి పెట్టుకునే భూతద్దాల్లో) లోపలి ముఖం మెరుపు లేకుండా మసకగా ఉంది, అంటే ఆసిడ్ పట్టింది. ఇక మిగిలింది సైలేన్, కాకపోతే ట్రై-ఇన్‌లో (అంటించే ముందు పంటి మీద పెట్టి చూసేటప్పుడు) అంటిన ఉమ్మి.

అప్పుడు వాడిన సీసా తెరిచి ఎనిమిది నెలలు, అందులో ఒక నిండు వేసవి. ఒకే సీసా రకంలో సైలేన్‌ని ఆల్కహాల్‌లో ముందే చర్యకి సిద్ధం చేసి ఉంచుతారు. రోజులు గడిచేకొద్దీ, వేడికి ఇంకా త్వరగా, ఆ అణువులు పింగాణీ కోసం ఆగకుండా ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు కడతాయి. మూత సరిగా బిగించకపోతే ఆల్కహాల్ కూడా ఎగిరిపోతుంది. పాలలా మారితే పారేయాలని అందరికీ తెలుసు. నా కోపమల్లా, అలా మారకముందే పస తగ్గుతుంది, చూపుకి మాత్రం నీళ్లలా తేటగానే ఉంటుంది.

ఇప్పుడు ట్రై-ఇన్ అయ్యాకే ఎచ్చింగ్. లిథియం డైసిలికేట్ రకం పింగాణీకి 5 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ 20 సెకన్లు, ఫెల్డ్‌స్పాతిక్ రకానికి 10 శాతం దాకా ఉన్నదైతే 60 నుంచి 90 సెకన్లు. కడిగాక మిగిలే తెల్లటి పొడిని చాలామంది మంచి ఎచ్చింగ్ గుర్తనుకుంటారు. అది మడ్డి, బంధాన్ని చెడగొడుతుంది. 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో నిమిషం రుద్ది, డిస్టిల్డ్ నీళ్లలో అల్ట్రాసోనిక్ 5 నిమిషాలు. ఆ తర్వాత సైలేన్ పలచగా ఒక్క పూత, 60 సెకన్లు ఆగి వేడిగాలి. మందంగా పూస్తే ఆ పొరే బలహీనమవుతుంది. పంటి వైపు కొత్తేమీ లేదు, రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ కట్టే రబ్బరు తెర) మాత్రం మానొద్దు. సైలేన్ కలిసిన యూనివర్సల్ బాండ్ (పంటికీ పింగాణీకీ రెండిటికీ రాసే అంటు ద్రవం) ఉంటే ఇది వేరేగా ఎందుకని అడుగుతారు. బాండ్‌లోని ఆసిడ్ గుణానికి ఆ సైలేన్ నిలవదు, అందుకే విడిగానే రాస్తాను.

నెలకి మూడు నాలుగు వెనీర్లే చేసే మాలాంటి చోట రెండు సీసాల రకమే నయం. అవసరమైనప్పుడు చుక్క చుక్క కలిపి, మిగిలింది ఆ రోజే పారేస్తాం. చేతినిండా కేసులుండి సీసా రెండు నెలల్లో ఖాళీ అయ్యేవాళ్లకి ఈ గొడవ బహుశా తగలకపోవచ్చు. పాతది ఇంకా మా ఫ్రిజ్‌లో ఉంది, తెరిచిన తేదీ మార్కర్‌తో మూత మీదే రాసి.